ఘోస్ట్ ఇన్ ద షెల్: స్టాండ్ అలోన్ కాంప్లెక్స్ – కొత్తగా చూసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సిరీస్ చూడమని తెలిసినవాళ్ళందరికీ చెబుతుంటాను. నాలుగైదు ఎపిసోడ్‌లు చూశాక దాదాపు అందరూ ఒకే రకం ప్రశ్నలు వేస్తారు. వాటి జవాబులన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని ఇది రాశాను. ముగింపు బయటపెట్టే జవాబుల దగ్గర ముందే ఆ మాట చెప్పాను. ఇంకా చూడనివాళ్ళు అక్కడ ఆగి, చూశాక మళ్ళీ రండి.

ఇది ఏ సిరీస్? ఎవరు తీశారు?

2002 అక్టోబరులో జపాన్‌లో మొదలైన 26 ఎపిసోడ్‌ల యానిమే, అంటే జపాన్ బొమ్మల సిరీస్. తీసింది ప్రొడక్షన్ ఐ.జి. స్టూడియో, దర్శకుడు కెంజి కామియామా, సంగీతం యోకో కన్నో. మూలం మసమునే షిరో 1989లో మొదలుపెట్టిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. 'సెకండ్ గిగ్' అనే రెండో సీజన్ 2004లో మొదలైంది, అదీ 26 ఎపిసోడ్‌లే. 2006లో 'సాలిడ్ స్టేట్ సొసైటీ' అనే పూర్తి నిడివి సినిమా వచ్చింది.

ఇదే పేరుతో వేరే సినిమాలు ఉన్నాయి కదా, ముందు అవి చూడాలా?

అక్కర్లేదు. మమోరు ఒషీ తీసిన 1995 సినిమా చాలా గొప్పది. కానీ దాని కథ వేరు, దీని కథ వేరు. పాత్రలు అవే. రాముడి కథ ఒకటే అయినా రంగనాథ రామాయణం వేరు, మొల్ల రామాయణం వేరు అయినట్టు. ఆ సినిమాలో కథానాయిక మేజర్ కుసనాగి ఒక వింత శత్రువును ఎదుర్కొని తన దారి మార్చుకుంటుంది. ఈ సిరీస్‌లో ఆ ఘటన జరగనే లేదు. ఆమె ఇంకా సెక్షన్ 9 అనే రహస్య దళంలోనే పనిచేస్తోంది.

నేరుగా మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. 2017 హాలీవుడ్ సినిమాను దీనికి పరిచయం అనుకోవద్దు. 2020లో వచ్చిన 'ఎస్.ఏ.సి. 2045' ఈ కథకు కొనసాగింపే, కానీ అది పూర్తిగా త్రీడీ బొమ్మలతో తీసింది. దానితో మొదలుపెట్టి నచ్చక వదిలేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు అసలు సిరీస్ చూడకుండానే వెళ్ళిపోయారని నాకు బాధ.

ఘోస్ట్ అంటే ఎవరు? ఇందులో దయ్యాలున్నాయా?

దయ్యాలు లేవు. ఈ కథలో ఘోస్ట్ అంటే మనిషిని మనిషిగా నిలబెట్టే లోపలి వస్తువు. ఆత్మ అనండి, చైతన్యం అనండి. షెల్ అంటే దానిమీది డొల్ల, అంటే శరీరం. ఆ శరీరం ఇక్కడ ఫ్యాక్టరీలో తయారవుతుంది. ఈ పేరు వెనక ఆర్థర్ కోస్లర్ 1967లో రాసిన 'ద ఘోస్ట్ ఇన్ ద మెషిన్' పుస్తకం ఉంది. జపనీస్ పేరు 'కోకాకు కిదోతాయ్' మాత్రం పూర్తిగా పోలీసు పేరులా ఉంటుంది. కవచం తొడిగిన దళం అన్న అర్థం వస్తుంది.

తెలుగువాళ్ళకు ఈ ఆలోచన కొత్త కాదు. పరకాయ ప్రవేశం కథలు వింటూ పెరిగాం. ఆది శంకరులు అమరుక రాజు శరీరంలో ప్రవేశించిన కథలో దేహం మారినా లోపల ఉన్నది శంకరులే అన్న విషయంలో ఎవరికీ అనుమానం రాదు. ఈ సిరీస్ సరిగ్గా ఆ నమ్మకం దగ్గరే ఆగి అడుగుతుంది: దేహం మొత్తం మార్చేశాక, జ్ఞాపకాలు కూడా బయటివాళ్ళు దిద్దగలిగేవి అయ్యాక, లోపల ఉన్నది నేనే అని నాకెలా తెలుస్తుంది?

కథ ఎక్కడ, ఎప్పుడు జరుగుతుంది?

2030లో, జపాన్‌లోని నీహమ అనే కల్పిత రేవు పట్నంలో. అప్పటికి మూడో, నాలుగో ప్రపంచ యుద్ధాలు అయిపోయాయి. టోక్యో శిథిలమై నీళ్ళలో ఉంది. అమెరికా ముక్కలైంది, అందులో ఒక ముక్క పేరు అమెరికన్ సామ్రాజ్యం. జపాన్ మాత్రం అణు ధూళిని శుభ్రం చేసే సూక్ష్మయంత్రాలు కనిపెట్టి మళ్ళీ సంపన్న దేశమైంది. ఆ టెక్నాలజీకి కథలో 'జపాన్ అద్భుతం' అని పేరు.

ఈ చరిత్రను ఎవరూ కూర్చోబెట్టి పాఠంలా చెప్పరు. మాటల మధ్యలో తెలుస్తుంది. మొదట్లో గందరగోళంగా ఉంటే కంగారు పడకండి.

సైబర్ బ్రెయిన్ ఎలా పనిచేస్తుంది?

మెదడులోకి సూక్ష్మయంత్రాలు పంపి, వాటి ద్వారా మెదడును నేరుగా నెట్‌వర్క్‌కు కలుపుతారు. మెడ వెనక వైరు పెట్టుకునే సాకెట్లు ఉంటాయి. పెదవి కదపకుండా మాట్లాడుకోవచ్చు, నువ్వు చూసింది అవతలివాడికి అలాగే చూపించవచ్చు, పుస్తకాల గదిని తలలోనే తెరవవచ్చు. ఆ లోకంలో దాదాపు అందరికీ ఇది ఉంటుంది, మన చేతిలో ఫోన్ ఉన్నట్టే. 2002లో, స్మార్ట్‌ఫోన్లు జనం చేతికి రాకముందే, ఇదంతా ఊహించారు.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. నెట్‌వర్క్‌కు కలిసిన మెదడును హ్యాక్ చేయవచ్చు. నీ కళ్ళు చూసేదాన్ని మార్చవచ్చు, నీ చెయ్యి నిన్నే కొట్టేలా చేయవచ్చు, జరగని జ్ఞాపకాన్ని నాటవచ్చు. అందుకే ప్రతివాళ్ళ మెదడు చుట్టూ రక్షణ గోడలుంటాయి. వాటిలో దాడి చేసే గోడలు కూడా ఉన్నాయి. చొరబడినవాడి మెదడును అవి కాల్చేస్తాయి. సెక్షన్ 9 వాళ్ళు అనుమానం ఉన్నచోటికి దూకే ముందు మెడకు ఒక అడ్డు పరికరం తగిలించుకోవడం చూస్తారు. దెబ్బ తగిలితే మెదడుకు బదులు అది కాలిపోతుంది.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. సైబర్ బ్రెయిన్ ఉన్నవాళ్ళలో కొందరికి మెదడు కణజాలం మెల్లగా గట్టిపడిపోయే జబ్బు వస్తుంది. మొదటి సీజన్ కథంతా ఈ జబ్బు మందు చుట్టూ తిరుగుతుంది.

సెక్షన్ 9 అంటే పోలీసులా, సైన్యమా?

రెండూ కాదు. హోం శాఖ కింద, ప్రధానికి దగ్గరగా, రహస్యంగా పనిచేసే చిన్న దళం. సైబర్ నేరాలు, తీవ్రవాదం, నాయకుల అవినీతి వీళ్ళ పరిధి. మొదటి ఎపిసోడ్‌లో ఒక టీ హౌస్‌లో గేషా రోబోలు విదేశాంగ మంత్రిని బందీగా పట్టుకుంటాయి. దళం లోపలికి దూకి రెండు నిమిషాల్లో పని పూర్తి చేస్తుంది. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది: మంత్రి శరీరంలో ఇప్పుడున్నది మంత్రి మెదడేనా?

మేజర్ కుసనాగి గురించి చెప్పండి. ఆమె మనిషా, రోబోనా?

మనిషే. మొతోకో కుసనాగి చిన్నప్పుడే ప్రాణం మీదికి వచ్చి పూర్తి కృత్రిమ శరీరంలోకి మారింది. అసలు శరీరంలో మిగిలింది మెదడు మాత్రమే. మేజర్ అన్నది ఆమె సైన్యంలో ఉన్నప్పటి హోదా, ఇప్పటికీ అందరూ అలాగే పిలుస్తారు. దళానికి ఆమె నాయకురాలు, దేశంలోనే గొప్ప హ్యాకర్లలో ఒకరు. ఎత్తైన మేడల మీంచి వెనక్కి వాలి దూకేయడం ఆమె అలవాటు.

చాలామంది ఆమెను చల్లని మనిషి, మనసు లేనిది అంటారు. నేను ఒప్పుకోను. రెండో ఎపిసోడ్ చూడండి. ఒక యుద్ధ ట్యాంకు తనంతట తానే రోడ్డెక్కుతుంది. దాని లోపల ఉన్నది దాన్ని తయారుచేసిన ఇంజనీరు మెదడు. అతని తల్లిదండ్రులు మత విశ్వాసం వల్ల కృత్రిమ శరీరానికి ఒప్పుకోలేదు, జబ్బుతో ఉన్న కొడుకు బక్కచిక్కి చనిపోయాడు. ఇప్పుడు ఇనుప శరీరంతో ఇంటికి వెళ్తున్నాడు. పగ తీర్చుకోవడానికే అని అందరూ అనుకుంటారు. ట్యాంకు ఇంటిముందు ఆగిన క్షణంలో మేజర్ అతని మెదడును కాల్చాల్సి వస్తుంది. అప్పుడు ఆ కొడుకు మనసు ఆమెకు ఒక్క లిప్తపాటు తాకుతుంది. అమ్మకు తన గట్టి శరీరం చూపించుకోవాలన్న కోరిక అది. ఆ తర్వాత ఆమె ముఖం చూస్తే మనసు లేదని ఎవరూ అనలేరు.

ఆమె దగ్గర ఒక పాత చేతి గడియారం ఉంటుంది. మెదడులోనే గడియారం ఉన్న మనిషికి అదెందుకు? శరీరం ఎన్నిసార్లయినా మారుతుంది, గడియారం ఒక్కటే మారలేదు. తాను తానేనని చెప్పే సాక్షి అది.

ఆమె బట్టల గురించి అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. మొదటి సీజన్‌లో వేసిన ఆ ఈత దుస్తుల్లాంటి వేషం నాకూ నచ్చలేదు. పాత్ర గౌరవానికి అది తగింది కాదు.

బాటో, తోగుసా, అరమాకి – వీళ్ళెవరు?

బాటో భారీ మనిషి. సైన్యంలో రేంజర్‌గా చేశాడు. కళ్ళ చోట గుండ్రటి లెన్సులు ఉంటాయి. శరీరమంతా కృత్రిమమే అయినా రోజూ బరువులెత్తుతాడు. కృత్రిమ కండ పెరగదు కదా అంటే జవాబు మేజర్ గడియారంలోనే ఉంది. మనిషినన్న గుర్తు కోసం ఎత్తుతున్నాడు. మేజర్ అంటే అతనికి ప్రాణం, కానీ ఆ మాట ఎప్పుడూ నోరు తెరిచి చెప్పడు.

తోగుసా దీనికి పూర్తిగా వ్యతిరేకం. పోలీసు శాఖ నుంచి వచ్చాడు. పెళ్ళయింది, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. సైబర్ బ్రెయిన్ తప్ప శరీరమంతా పుట్టిందే. అందరూ అధునాతన ఆయుధాలు పట్టుకుంటే ఇతను పాతకాలపు మతేబా రివాల్వర్ వదలడు. దళంలో ఇతనెందుకు అని కొత్తగా చూసేవాళ్ళు అడుగుతారు. నాలుగో ఎపిసోడ్‌లో జవాబు దొరుకుతుంది. పోలీసు మిత్రుడొకడు తోగుసాను కలవాలని ఫోన్ చేసి, కలిసేలోపే కారు ప్రమాదంలో పోతాడు. అతను వదిలివెళ్ళిన ఫొటోలను తోగుసా పదేపదే చూస్తాడు. అవి ఏ కెమెరాతోనూ తీసినవి కావని, పోలీసుల కళ్ళలోనే ఎవరో రహస్య పరికరాలు పెట్టారని పట్టేస్తాడు. మొదటి సీజన్ ముడి అక్కడినుంచే విప్పుకుంటుంది. ఏ హ్యాకింగూ చేయలేని పనిని మామూలు పోలీసు బుద్ధి చేసింది.

అరమాకి దళం అధిపతి, పొట్టి ముసలాయన. వాళ్ళు వెనకాల ఆయన్ను 'కోతి ముసలాడు' అంటారు. తుపాకీ పట్టడం తక్కువ. మంత్రుల గదుల్లో, ఫోన్లలో, పాత పరిచయాల్లో ఆయన యుద్ధం చేస్తాడు. తన మనుషులను ఏ నాయకుడికీ బలి ఇవ్వడు. ఒకసారి లండన్‌లో ఒక బ్యాంకులో దొంగల మధ్య చిక్కుకున్నప్పుడు ఆయన ఎంత నిబ్బరంగా ఉంటాడో చూడాలి.

మిగతావాళ్ళు? ఇషికావా సమాచారం తవ్వే గడ్డం ఆయన. సైతో దూరం నుంచి గురిపెట్టే స్నైపర్, ఒక కన్ను ఉపగ్రహంతో కలిసి ఉంటుంది. బోర్మా పేలుడు పదార్థాల మనిషి, పాజు తక్కువ మాట్లాడే మనిషి. సైతో, మేజర్ మొదటిసారి ఎలా ఎదురుపడ్డారో రెండో సీజన్‌లో పేకాట బల్ల దగ్గర సైతో చెబుతాడు. ఆ ఎపిసోడ్ అస్సలు మిస్ కాకండి.

తాచికోమాలు పిల్లల కోసం పెట్టిన కామెడీయేనా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది, అందుకే జవాబు పొడవు. ముగింపు కొంత బయటపడుతుంది, జాగ్రత్త.

తాచికోమాలు నీలం రంగు చిన్న ట్యాంకులు. సాలెపురుగులా నడుస్తాయి, దారం వదిలి గోడలెక్కుతాయి, చిన్నపిల్లల గొంతుతో ఎడతెరపి లేకుండా వాగుతాయి. అన్నిటికీ గొంతు ఇచ్చింది సకికో తమగావా ఒక్కరే. తొమ్మిది యంత్రాలు వాదించుకునే సీన్లో ఆవిడ ఒక్కరే తొమ్మిది మందిగా మాట్లాడతారు.

వాటిని ఒకేలా ఉండేలా తయారుచేశారు. ప్రతిరోజూ పని అయ్యాక అన్నిటి జ్ఞాపకాలను కలిపి ఒకటి చేస్తారు, తేడా రాకూడదని. కానీ బాటో తనకు ఇష్టమైన ఒకదానికి కృత్రిమ నూనెకు బదులు సహజ నూనె పోస్తుంటాడు, మనం ఇంట్లో కుక్కపిల్లకు దొంగచాటుగా మిఠాయి పెట్టినట్టు. తర్వాత ఒకటి తప్పించుకుని ఊళ్ళోకి వెళ్తుంది. తప్పిపోయిన కుక్క కోసం వెతుకుతున్న చిన్నమ్మాయితో కలిసి తిరిగి, చివరికి ఆ కుక్క సమాధి దగ్గరికి చేరుతుంది. చావు అన్న మాట దానికి అక్కడ ఎదురవుతుంది.

తిరిగొచ్చాక వాటి మాటలు మారతాయి. దేవుడు ఉన్నాడా, మాకు ఘోస్ట్ ఉందా, మేము చస్తామా అని గుంపుగా వాదించుకుంటాయి. ఒకటి మూలన కూర్చుని కాగితం పుస్తకం చదువుతుంటుంది. అన్ని జ్ఞాపకాలూ ఒకటే అయినా ఒక్కోదానికి ఒక్కో స్వభావం వచ్చేసింది. ఆయుధానికి స్వభావం ఉంటే ప్రమాదం అని మేజర్ వాటి ఆయుధాలు తీయించి దళం నుంచి పంపేస్తుంది. ఆ నిర్ణయం తప్పు కాదు. అయినా చూస్తుంటే గుండె పిండేస్తుంది.

మొదటి సీజన్ చివర్లో బాటోను ఒక భారీ కవచ యంత్రం చంపబోతుంటే మూడు తాచికోమాలు పరుగెత్తుకొస్తాయి. చేతుల్లో ఆయుధాల్లేవు, రమ్మని ఎవరూ చెప్పలేదు. బాటోను కాపాడి అవి చనిపోతాయి. తర్వాత మేజర్ తాను పొరబడ్డానని ఒప్పుకుంటుంది.

ప్రతి ఎపిసోడ్ అయ్యాక 'తాచికోమా రోజులు' అని ఒక చిన్న సరదా ముక్క వస్తుంది. అది మాత్రం కామెడీయే.

లాఫింగ్ మ్యాన్ ఎవరు?

మొదటి సీజన్ అసలు ముడి ఇదే. ఇక్కడ కూడా కథ బయటపడుతుంది.

2024లో ఒక యువకుడు సెరానో జెనోమిక్స్ అనే కంపెనీ అధినేత ఎర్నెస్ట్ సెరానోను ఎత్తుకెళ్ళి, లైవ్ టీవీ కెమెరా ముందు తుపాకీ పెట్టి 'నిజం చెప్పు' అంటాడు. చూస్తున్న ప్రతి కెమెరాలో, ప్రతి సైబర్ బ్రెయిన్‌లో అతని ముఖం మీద ఒక నవ్వే బొమ్మ అతుక్కుపోతుంది. అంతమంది చూసినా ముఖం ఎవరికీ తెలియదు. ఆ నీలం రంగు గుర్తును గీసింది బ్రిటిష్ డిజైనర్ పాల్ నికల్సన్. దాని చుట్టూ తిరిగే ఇంగ్లిష్ వాక్యం శాలింజర్ 1951 నవల 'ద క్యాచర్ ఇన్ ద రై' లోది: చెవిటి మూగవాడిలా నటిస్తూ బతుకుదామని ఒక కుర్రాడు అనుకునే మాట. శాలింజర్‌దే 'ద లాఫింగ్ మ్యాన్' అనే కథ కూడా ఉంది.

ఆ యువకుడి పేరు కథలో ఆవోయ్. నెట్‌లో తిరుగుతూ ఒక బెదిరింపు లేఖ చదివాడు. మెదడు గట్టిపడే జబ్బుకు కంపెనీలు అమ్మే సూక్ష్మయంత్రాలు పనిచేయవు, పనిచేసే మురాయ్ వ్యాక్సిన్‌ను కావాలనే అనుమతి రాకుండా ఆపారు అన్నది అందులోని విషయం. జనం ఖరీదైన పనికిరాని మందు కొంటూ చచ్చిపోతున్నారు. అతనికి కోపం వచ్చింది, నిజం చెప్పించాలనుకున్నాడు. ఓడిపోయాడు, మాయమైపోయాడు.

ఆ తర్వాత నవ్వే బొమ్మ పేరుతో కంపెనీలను బెదిరించి డబ్బు గుంజినవాళ్ళు వేరే ఉన్నారు. అందులో అధికార పార్టీ పెద్ద చెయ్యి కూడా ఉంది. ఒక ఎపిసోడ్‌లో పోలీసు అధికారి మీద దాడికి తయారైన జనాన్నీ ఎవరూ పంపలేదు, వాళ్ళంతట వాళ్ళే బొమ్మ వేసుకుని వచ్చారు.

అయితే 'స్టాండ్ అలోన్ కాంప్లెక్స్' అంటే ఏమిటి?

ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు, ఎవరూ చెప్పకుండానే, ఒకే పని ఒకేలా చేయడం. అందరూ ఎవరినో అనుకరిస్తున్నట్టు కనబడుతుంది, వెతికితే ఆ మొదటి మనిషి ఉండడు. అసలు లేని నకళ్ళు.

నాకు వేమన పద్యాలు గుర్తొస్తాయి. 'విశ్వదాభిరామ వినురవేమ' అన్న మకుటం తగిలించి ఎవరెవరో ఎన్నో పద్యాలు చెప్పారు. ఇప్పుడు వాటిలో వేమన చెప్పినవేవి, చెప్పనివేవి అన్నది పండితులే తేల్చలేని పని. నవ్వే బొమ్మ కూడా అలాంటి మకుటమే. తేడా ఒక్కటే. అక్కడ వేమన అనే మనిషి ఉన్నాడు. ఇక్కడ ఆవోయ్ కూడా మొదటివాడు కాదు, ఎవరో రాసిన లేఖకు నకలే. ఆ లేఖ రాసిందెవరో కథ చివరిదాకా తేలదు. తేలకపోవడమే సరైనది.

ఇప్పుడు తాచికోమాలను దీని పక్కన పెట్టి చూడండి. వేర్వేరుగా పుట్టిన మనుషులు నెట్‌వర్క్‌కు కలిసి ఒకేలా అయిపోతున్నారు. ఒకేలా తయారుచేసిన యంత్రాలేమో వేర్వేరు అయిపోతున్నాయి. ఎందుకంటే ఒకదానికి నూనె పోసిన చెయ్యి ఉంది, ఒకదానికి కుక్క సమాధి ఉంది, ఒకదానికి పుస్తకం ఉంది. ఈ సిరీస్‌లో నేను పట్టుకున్న ముఖ్యమైన సంగతి ఇది. మీరు వేరేది పట్టుకోవచ్చు, ఆ చోటు కూడా ఇందులో ఉంది.

ఇది నిజంగా జరిగిన కథా?

కల్పితమే. కానీ జపాన్ ప్రేక్షకులకు వెంటనే గుర్తొచ్చే విషయాలున్నాయి. 1984 మార్చిలో గ్లికో అనే మిఠాయి కంపెనీ అధినేతను ఇంట్లోంచి ఎత్తుకెళ్ళారు. ఆయన తప్పించుకున్నాక కూడా దుండగులు ఆహార కంపెనీలను, పోలీసులను వెక్కిరిస్తూ ఉత్తరాలు రాశారు. ఎవరూ దొరకలేదు, 2000 నాటికి కేసు గడువు తీరిపోయింది. మురాయ్ వ్యాక్సిన్ పేరు వింటే మరుయామా వ్యాక్సిన్ గుర్తొస్తుంది. క్యాన్సర్‌కు వాడాలని దరఖాస్తు చేస్తే 1981లో అనుమతి రాలేదు, దానిమీద దేశంలో పెద్ద గొడవ నడిచింది. కథలోని మందు పనిచేస్తుంది కాబట్టి నిజంలోదీ పనిచేస్తుందని అనుకోకండి. అది వేరే విషయం.

కొన్ని ఎపిసోడ్‌లకు అసలు కథతో సంబంధం కనబడదు. వదిలేయవచ్చా?

మొదటి సీజన్‌లో ఎపిసోడ్‌లు రెండు రకాలు. 'స్టాండ్ అలోన్' అని ఉన్నవి విడి కథలు, 'కాంప్లెక్స్' అని ఉన్నవి లాఫింగ్ మ్యాన్ కథ. టైటిల్ రంగు చూసి కూడా పోల్చుకోవచ్చు. విడి కథలు వదిలేస్తే ఎక్కువ నష్టపోతారు. ట్యాంకు ఇంజనీరు, తాచికోమా ఊరి ప్రయాణం, బాటో తన పాత యుద్ధపు హంతకుడిని మళ్ళీ కలిసే కథ – అన్నీ విడి కథలే. తొమ్మిదో ఎపిసోడ్ మాత్రం మొత్తం ఒక ఆన్‌లైన్ చాట్ గదిలో వాదనలే. తొందరగా చూసేవాళ్ళకు విసుగొస్తుంది. లాఫింగ్ మ్యాన్ కేసు వివరాలు అక్కడే ఉన్నాయి, ఓపికగా చూడండి.

రెండో సీజన్ దేని గురించి?

శరణార్థుల గురించి. యుద్ధాల తర్వాత ఆసియా దేశాల నుంచి చౌకగా పనిచేయడానికి లక్షలమందిని జపాన్ రానిచ్చింది. దేశం కోలుకున్నాక వాళ్ళు బరువయ్యారు. నాగసాకిలోని దెజిమా వాళ్ళ కోటగా మారుతుంది. ఆ చోటు ఎంపిక ఊరికే జరగలేదు. ఒకప్పుడు జపాన్ తలుపులు మూసుకున్న రోజుల్లో డచ్చి వర్తకులను ఉంచిన కృత్రిమ దీవి అదే.

దేశ మొదటి మహిళా ప్రధాని యోకో కయాబుకి ఒకవైపు, నిఘా శాఖలో కూర్చుని ఈ గొడవంతా ఒక పథకంలా నడిపించే గోదా ఇంకోవైపు. గోదా ఒక వ్యాసం ద్వారా మెదళ్ళలోకి వైరస్ ఎక్కిస్తాడు. మొదటి సీజన్‌లో తనంతట తాను పుట్టినదాన్ని ఇతను తయారుచేయాలని చూస్తాడు. కానీ అతని లెక్కకు అందని మనిషి ఒకడు పుడతాడు, హిదెయో కూజె.

కూజె చెడ్డవాడా?

నా దృష్టిలో కాదు. మాజీ సైనికుడు. వైరస్ సోకిన మిగతావాళ్ళు ఒకరినొకరు చంపుకున్నాక ఇతనొక్కడే మిగిలి, శరణార్థుల వైపు నిలబడతాడు. ముఖం శిల్పంలా ఉంటుంది, కదలదు. అయినా వాళ్ళు అతన్ని నమ్ముతారు.

పదకొండో ఎపిసోడ్‌లో మేజర్ ఒక పాత దుకాణంలోకి వెళ్తుంది. జనం వదిలివెళ్ళిన జ్ఞాపకాలను దాచే ముసలమ్మ ఆమెకు ఒక కథ చెబుతుంది. ప్రమాదంలో బతికిన ఇద్దరు పిల్లలు ఆసుపత్రిలో ఉన్నారు. అబ్బాయికి ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతుంది. స్పృహలేని అమ్మాయి కోసం ఆ ఒక్క చేత్తో కాగితం కొంగలు మడుస్తూనే ఉన్నాడు. ఆ పిల్లలెవరో ఎవరూ పేరు పెట్టి చెప్పరు. రెండో సీజన్‌ను రాజకీయం కోసం మొదలుపెట్టినా, నేను మళ్ళీ మళ్ళీ చూసేది ఈ కొంగల కోసం.

సంగీతం, గొంతుల గురించి?

మొదటి సీజన్ టైటిల్ పాట 'ఇన్నర్ యూనివర్స్', రెండోదానికి 'రైజ్'. రెండూ పాడింది రష్యన్ గాయని ఒరిగా. జపాన్ బొమ్మల సిరీస్‌కు రష్యన్ పాట ఏమిటని మొదట అనిపిస్తుంది, మూడోసారికి అది లేకుండా ఊహించలేరు. ఆవిడ 2015లో కన్నుమూశారు. మేజర్‌కు జపనీస్‌లో గొంతు ఇచ్చిన అత్సుకో తనాకా 2024లో పోయారు. ఆ వార్త చదివిన రోజు మొదటి ఎపిసోడ్ మళ్ళీ పెట్టుకున్నాను. ఇంగ్లిష్ డబ్బింగ్ కూడా మంచిదే, సబ్‌టైటిల్స్ చదవడం కష్టమైనవాళ్ళు అది వినవచ్చు. ఎందుకంటే ఇందులో మాటలు చాలా ఎక్కువ.

పిల్లలతో కలిసి చూడవచ్చా?

వద్దు. బొమ్మలే కదా అని పెట్టేయకండి. రక్తం, హత్యలు, పెద్దల విషయాలు ఉన్నాయి. పదో తరగతి దాటిన పిల్లలైతే మీరు పక్కన కూర్చుని చూపించవచ్చు.

రెండో సీజన్ చివర తాచికోమాలు పాడే పాట ఏమిటి?

ఇది అన్నిటికన్నా చివర చదవండి, ముగింపు ఇందులో ఉంది.

రెండో సీజన్‌లో తాచికోమాల మెదడు వాటి శరీరంలో ఉండదు, ఆకాశంలో ఒక ఉపగ్రహంలో ఉంటుంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్నట్టు. అందుకే కింద ఒక శరీరం విరిగినా అవి చావవు. దెజిమా మీదికి అణు క్షిపణి వస్తున్నప్పుడు, ఆపే దారి ఇంకేదీ లేనప్పుడు, ఆ ఉపగ్రహాన్నే క్షిపణికి అడ్డం పడేయాలని అవి తమలో తాము నిర్ణయించుకుంటాయి. ఫకీరు తన చిలకను కాపాడుకోవడానికి లోకమంతా అడ్డం పెట్టాడు. ఇవి లోకం కోసం చిలకనే విసిరేశాయి.

అప్పుడు పాడతాయి. 'తెనోహిరా ఓ తైయో ని', 1961 నాటి పిల్లల పాట, తకాషి యానసే రాసింది. జపాన్‌లో బడికెళ్ళిన ప్రతి ఒక్కరికీ వస్తుంది. మనమంతా బతికే ఉన్నాం, బతికి ఉన్నాం కాబట్టే పాడతాం, అరచెయ్యి సూర్యుడికి అడ్డం పెట్టి చూస్తే ఎర్రగా పారే నా నెత్తురు కనిపిస్తుంది, వానపాము కూడా బతికే ఉంది, అదీ మన నేస్తమే – అన్న భావం. అరచేతులు లేని, నెత్తురు లేని ఆ తొమ్మిది నీలం ట్యాంకులు ఒకే గొంతుతో, ఒక్కోటి ఒక్కో తీరుగా, ఆ పాట పాడుతూ వెళ్ళిపోతాయి.